మొదటి శాంపిల్ కంటే ముందు కంట్రోల్ పెట్టండి: షుగర్ సెన్సర్లు తయారుచేసేవాళ్లకి తిరుపతి నుంచి ఒక బహిరంగ లేఖ

చేతికి అంటించే షుగర్ సెన్సర్లు, వాచీలు, ఉంగరాలు తయారుచేస్తున్న కంపెనీలవారికి, వాటి వెనక మెషీన్ లెర్నింగ్ మోడళ్లు (పాత అంకెలు చూసి తామే నేర్చుకునే కంప్యూటర్ లెక్కలు) కడుతున్న ఇంజనీర్లకి, రేపో మాపో వాటిని మా జిల్లాలకి తేవాలని చూస్తున్న ఆరోగ్య శాఖ అధికారులకి,

నమస్కారం.

నేను తిరుపతిలో ఒక చిన్న ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. పదిహేడేళ్లుగా పొద్దున ఆరున్నరకల్లా తలుపు తీసి, మొదటి పేషెంటు చెయ్యి చాపేలోపు ఒక పని చేస్తాను. ఫ్రిజ్‌లోంచి కంట్రోల్ సీసా తీసి, చల్లదనం పోయేదాకా ఆగి, మెషీన్‌లో పెడతాను. అందులో షుగర్ ఎంతుందో నాకు ముందే తెలుసు, దాంతోపాటు వచ్చే కాగితంలో రాసి ఉంటుంది. మెషీన్ ఆ అంకె చెబితేనే ఆ రోజు పని మొదలవుతుంది. రెండు ఎస్‌డీలు (ఎస్‌డీ అంటే మామూలుగా ఉండే హెచ్చుతగ్గుల కొలత) దాటి అటో ఇటో పోయిందంటే, బయట ఎంతమంది పరగడుపున కూర్చుని ఉన్నా, ఎవరెంత కసురుకున్నా, అది సరయ్యేదాకా ఒక్క రిపోర్టు కూడా బయటికి పోదు. తెలిసినదాన్నే సరిగ్గా కొలవలేని మెషీన్, తెలియని మనిషి రక్తం గురించి ఏం చెబితే మాత్రం ఎట్లా నమ్మేది?

మిమ్మల్ని అడగాలనుకుంటున్నది కూడా ఆ సీసా గురించే. మా ఒంటి మీద మీరు అంటిస్తున్న సెన్సర్‌కి, దాని అంకెలు తీసుకుని "మీ మెటబాలిజం ఇట్లా ఉంది, ఇది తినండి, అది మానండి" అని చెబుతున్న మోడల్‌కి మా మనుషులతో కంట్రోల్ ఎప్పుడు పెట్టారు? ఎక్కడ పెట్టారు? ఎంత తేడా వచ్చింది? మాకు కనపడేలా చెప్పండి.

నేను వీటికి వ్యతిరేకిని కాదు, అది ముందే చెప్పేస్తున్నా. మా అమ్మకి అరవై రెండేళ్లు, పాకాల దగ్గర పల్లెలో ఉంటుంది. పందొమ్మిదేళ్లుగా షుగరు, ఆరేళ్లుగా ఇన్సులిన్. బెంగళూరులో ఉద్యోగం చేసే మా తమ్ముడు ఒకసారి ఊరికి వస్తూ ఈ సెన్సర్ తెచ్చి అమ్మ చేతి వెనక పక్క అంటించాడు. పది రూపాయల బిళ్ల కంటే కొంచెం పెద్దది, అడుగున వెంట్రుకంత సన్నని తీగ చర్మం కిందికి పోతుంది, ఆ తీగ మీద పూసిన ఎంజైము గ్లూకోజ్‌తో కలిసినప్పుడు పుట్టే చిన్న కరెంటుని కొలిచి ఫోన్‌కి పంపిస్తుంది. పద్నాలుగు రోజులు ఉంటుంది. ఆ పద్నాలుగు రోజులూ నేను వీలు దొరికినప్పుడల్లా ఊరికి పోయి, పోలేని రోజుల్లో అమ్మనే వేలు పొడుచుకోమని చెప్పి, సెన్సర్ అంకె పక్కన స్ట్రిప్పు అంకె రాయించాను. ఆరుసార్లు నరం నుంచి కూడా తీసి మా ల్యాబ్‌లో చూశాను. అదీ ఫ్లోరైడ్ ఉండే బూడిద రంగు మూత ట్యూబులోనే, ఎందుకంటే మామూలు ట్యూబులో తీసి ఎండలో బస్సులో తెస్తే రక్తకణాలే గంటకి ఐదారు శాతం చొప్పున ఆ గ్లూకోజ్‌ని వాడేసుకుంటాయి, నేను ఊరి నుంచి ల్యాబ్‌కి చేరేసరికి అమ్మ షుగర్ దానంతటదే "కంట్రోల్‌లోకి" వచ్చేసేది. ఇదంతా ఒక రూళ్ల నోటు పుస్తకంలో ఉంది.

ఆ రోజుల్లోనే మొక్కు ఉంటే అలిపిరి నుంచి నడిచి కొండెక్కాం. 3,550 మెట్లు. అమ్మ పొద్దునే ఇన్సులిన్ వేసుకుని రెండు ఇడ్లీలు తినింది. మెట్టు మెట్టుకీ పసుపు కుంకుమ పెడతానంటే వద్దని నేనే బతిమాలాను. గాలిగోపురం దగ్గర కూర్చుని ఫోన్ చూస్తే 96. ఒట్టి 96 అయితే ఎవరైనా హాయిగా లేచి మళ్లీ నడుస్తారు. కానీ పక్కన బాణం నిలువునా కిందికి చూస్తోంది. నాకు గుండె గుభేలుమంది, సంచిలోంచి మీటర్ తీసి వేలు పొడిచి చూస్తే 71. గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగించి, పావుగంట కూర్చోబెట్టి, మళ్లీ చూసుకుని లేచాం.

96 చూపినందుకు నేను సెన్సర్‌ని తప్పుపట్టను. అది రక్తంలో షుగర్ చూడదు, కణాల మధ్య ఉండే నీటిలో చూస్తుంది, రక్తంలో మారింది అక్కడికి చేరడానికి ఐదు నుంచి పదిహేను నిమిషాలు పడుతుంది. కదలకుండా కూర్చున్న మనిషికి ఈ ఆలస్యంతో పెద్ద ఇబ్బంది లేదు, ఇన్సులిన్ వేసుకుని మెట్లెక్కే మనిషికి ఉంది. అయినా మా మీటర్ ఎప్పటికీ చెప్పలేని సంగతి ఆ బాణం చెప్పింది. వెనకటి రీడింగులన్నీ చూసుకుని ఎటు పోతోందో పట్టుకోవడం, మీ లెక్కలకి ఉన్న బలం అది. ఆ రోజు అమ్మ మోకాళ్ల పర్వతం మీద కళ్లు తిరిగి పడిపోకుండా ఇంటికి వచ్చిందంటే ఆ బాణం వల్లే, దానికి మీకు నిజంగా దండం పెడతాను.

మరి రాత్రుళ్లు? మొదటి రాత్రి రెండు దాటాక అలారం మోగింది, షుగర్ 54 అని. నాయన లేచి కంగారుపడి చక్కెర తెచ్చి అమ్మ నోట్లో పోసేశాడు. రెండో రాత్రీ అంతే. మూడో రాత్రి నేనున్నాను. అలారం మోగగానే వేలు పొడిచాను, 126. అమ్మ ఎడమ పక్కకి తిరిగి, సెన్సర్ ఉన్న చెయ్యి కింద పడేలా పడుకుని ఉంది. బరువు పడి అక్కడి నీరు అటూ ఇటూ నొక్కుకుపోయి సెన్సర్‌కి గ్లూకోజ్ అందలేదు. ఇది ప్రపంచమంతా తెలిసిన సమస్యే, పక్కకి తిరిగి పడుకుంటే పది నిమిషాల్లో అంకె దానంతటదే పైకి వస్తుంది. ఉన్నట్టుండి నిలువునా పడిపోయి, అంతే నిలువుగా లేచే ఆ గీతని చూస్తే నాలాంటిదానికే తెలిసిపోతోంది, వేలమంది రాత్రుళ్లు చూసిన మోడల్‌కి తెలియకుండా ఎట్లా ఉంటుంది? "చెయ్యి కింద పెట్టి పడుకున్నారేమో, పక్కకి తిరిగి వేలి రక్తం చూసుకోండి" అని తెలుగులో ఒక్క మాట వస్తే నాయన రెండు రాత్రులు అనవసరంగా చక్కెర పోసేవాడు కాదు. నాలుగో రోజుకి అమ్మ "ఏందమ్మా ఇది, నిద్రపోనీదా?" అని అలారం ఆపించేసింది. అది అన్నిటికంటే ప్రమాదం, నిజంగా షుగర్ పడిపోయిన రాత్రి కూడా ఫోన్ ఇక నోరెత్తదు.

తిండి దగ్గర నాకు ఎక్కువ బాధ కలిగింది. యాప్‌లో భోజనం ఫోటో తీస్తే ఏం తిన్నారో అదే గుర్తుపడుతుందట. అమ్మ కంచంలో రాగి సంగటి ముద్ద, చెనిక్కాయల ఊరిబిండి, పక్కన పితికిపప్పు పులుసు. ఫోటో తీస్తే సంగటిని చాక్లెట్ కేక్ అంది. సరే, పేరు మనమే పెడదామని వెతికితే సంగటి లేదు, రాగి జావ లేదు, "మిల్లెట్ గంజి" లాంటిదేదో ఒకటి ఉంది, ఎన్ని కప్పులు అని అడుగుతోంది. మా ఇళ్లలో సంగటికి కప్పు లెక్క లేదు, ముద్ద లెక్క. ముద్ద కూడా అమ్మ చేతిలో ఒక సైజు, పొలం నుంచి వచ్చిన నాయనకి పెట్టేటప్పుడు ఇంకో సైజు.

ఇది పేరు లేదన్న బాధ మాత్రమే అయితే నేను ఇంత రాయను. సంగటి ఒక్కటి కాదు. బియ్యమో నూకలో ఉడకబెట్టి అందులో రాగిపిండి పోసి తెడ్డుతో గెలుకుతారు, బియ్యం ఎంత, పిండి ఎంత అనేది ఇంటికో తీరు, కలిగినప్పుడు బియ్యం ఎక్కువ పడుతుంది. వేడిగా తింటే ఒకటి. రాత్రి మిగిలింది నీళ్లలో వేసి పొద్దున మజ్జిగ, ఉల్లిపాయతో తింటే ఇంకొకటి, వండి చల్లారిన పిండిలో కొంత భాగం తేలిగ్గా అరగని రకంగా మారుతుందని మీ శాస్త్రమే చెబుతుంది. అమ్మ నోటు పుస్తకంలో వేడి సంగటి తిన్న మూడు మధ్యాహ్నాలున్నాయి, చద్ది సంగటి తిన్న నాలుగు పొద్దులున్నాయి, రెండిటి గీతలూ వేరువేరుగా ఉన్నాయి. అవి ఒక్క మనిషి, రెండు వారాలు, అంతే, దాంతో నేనేమీ తేల్చను. తేల్చాల్సింది మీరు. యాప్ మాత్రం రెండిటికీ ఒకటే మాట చెప్పింది: పిండి పదార్థాలు ఎక్కువ, తగ్గించండి. అమ్మ రెండు రోజులు సంగటి మానేసి ఓట్స్ తినింది, మూడో రోజు మధ్యాహ్నం పొలంలో చేతులు వణికాయని ఇంటికొచ్చేసింది.

ఈ విద్యలో మంచి పని జరగలేదని కాదు. నేను చదివినంతలో చెప్తా. 2015లో ఇజ్రాయెల్‌లో వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 800 మందికి వారం రోజులు సెన్సర్లు పెట్టి 46,898 భోజనాల తర్వాత షుగర్ ఎట్లా పెరిగిందో చూశారు. ఒకే తిండికి ఒక్కొక్కరి ఒళ్లు ఒక్కోలా స్పందిస్తుందని, రక్తపరీక్షలూ పేగుల్లోని సూక్ష్మజీవులూ అలవాట్లూ కలిపి మోడల్‌కి నేర్పితే ముందే చాలావరకు ఊహించవచ్చని చూపించారు. మోడల్ కట్టాక దానికి ముఖం కూడా తెలియని వేరే వందమంది మీద దాన్ని సరిచూశారు, నాకు అన్నిటికంటే నచ్చింది అది. 2020లో బ్రిటన్ వాళ్లు వెయ్యిమందికి పైగా, ఎక్కువగా కవలలతో చేసిన అధ్యయనంలో అచ్చుగుద్దినట్టుండే కవలల్లో కూడా ఒకే భోజనానికి షుగర్ వేరువేరుగా పెరిగింది. "ఇద్దరూ అదే తిన్నారు కదా, నీకే ఎందుకు ఇంత?" అని ఇంట్లో మొగుళ్లు పెళ్లాల్ని, అత్తలు కోడళ్లని అడిగే మాటకి ఇది జవాబు, మా కౌంటర్ దగ్గర నేను ఈ మాట చాలామందికి చెప్పాను.

కానీ 2025లో అమెరికాలో ప్రభుత్వ పరిశోధకులే ఇంకొకటి చూపించారు. షుగర్ జబ్బు లేనివాళ్లకి అదే భోజనం కొన్ని రోజుల తేడాతో మళ్లీ పెట్టి చూస్తే, అదే మనిషిలో, అదే సెన్సర్‌తో, రెండోసారి స్పందన మొదటిసారిలా రాలేదు. నిద్ర, నడక, ముందు పూట తిన్నది, టెన్షన్, ఎన్నో కలుస్తాయి. మరి ఒక్కసారి ఇడ్లీ తిన్నాక గీత లేచిందని "ఇడ్లీ మీకు పడదు" అని ఎర్ర గుర్తు పెట్టేస్తున్న యాప్‌కి ఆ ధైర్యం ఎక్కడిది? మా ల్యాబ్‌లో అనుమానం వస్తే అదే శాంపిల్ రెండోసారి పెడతాం. మీరు ఒక తిండిని ఒక మనిషికి నిషేధించే ముందు కనీసం మూడుసార్లు చూడండి.

ఇప్పుడు మా ఒళ్ల సంగతి. పుణే డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ ఇద్దరూ పక్కపక్కన నిలబడి దిగిన ఫోటో ఒకటి 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుకి బరువు లెక్క, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. నేను ఆ ఫోటో గురించి చదివినప్పుడు ఆశ్చర్యపోలేదు, ఎందుకంటే అట్లాంటివాళ్లకి నేను రోజూ సూది వేస్తున్నా. చూస్తే బక్కగా ఉంటారు, చేతులు పుల్లల్లా ఉంటాయి, చొక్కా కింద చిన్న పొట్ట, ట్యూబు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే పైన సీరం పాలలా తెల్లగా తేలుతుంది, ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలోని ఒక రకం కొవ్వు, 400, 500. మన దేశంలో నడుం కొలత మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే చాలు హెచ్చరిక అని డాక్టర్లు పెట్టుకున్నది ఇందుకే. మీ యాప్ మాత్రం ఎత్తు, బరువు అడిగి ఊరుకుంటుంది. నడుం చుట్టుకొలత ఒక్కసారైనా అడిగిందా? కుట్టుపని చేసే టేపు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది.

2025లో గూగుల్ పరిశోధకులు 1,165 మంది వాచీల్లోని గుండె వేగం, నడక, నిద్ర లెక్కలకి మామూలు రక్తపరీక్షలు జోడించి, ఇన్సులిన్ రెసిస్టెన్స్ (ఇన్సులిన్ ఉన్నా ఒళ్లు దానికి సరిగా స్పందించకపోవడం) ఎవరికి ఉండొచ్చో మోడల్‌తో చెప్పించారు. ఇది నాకు చాలా ఆశ కలిగించింది, ఎందుకంటే ఇన్సులిన్ పరీక్ష ఖరీదు, మా దగ్గర రాసేవాళ్లు తక్కువ, షుగర్ బయటపడేదానికి ఏళ్ల ముందే ఈ రెసిస్టెన్స్ మొదలవుతుంది. అయితే ఆ మనుషులు అమెరికావాళ్లు. "ఆఫీసు నుంచి వచ్చి జిమ్‌కి పోయాను" అనే మనిషి గుండె వేగం వేరు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పదిగంటలు నిలబడి కాయలు కోసే ఆమె గుండె వేగం వేరు. ఆమె వాచీలో అడుగులు తక్కువే పడతాయి, నిలబడ్డ చోటే ఉంటుంది కాబట్టి. మోడల్ ఆమెని "కదలని మనిషి" అంటే అది ఒట్టి తప్పు లెక్క.

వాచీ వెనక పచ్చ లైటు వెలుగుతుంది కదా, అది చర్మం లోపలికి పోయి తిరిగి వచ్చే వెలుతురుని చూసి నాడి లెక్కేస్తుంది. వెలుతురుతో కొలిచే పరికరాలకి చర్మం రంగుతో చిక్కు ఉందని కోవిడ్‌లో అందరికీ తెలిసొచ్చింది. వేలికి పెట్టే ఆక్సిమీటర్లు నల్లజాతి పేషెంట్లలో ఆక్సిజన్ పడిపోవడాన్ని తెల్లవాళ్లలో కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువసార్లు పట్టుకోలేకపోయాయని 2020 డిసెంబరులో ఒక పెద్ద వైద్య పత్రికలో వచ్చింది. ఆ ఆక్సిమీటర్లు అప్పటికి ఎన్నో ఏళ్లుగా ఆస్పత్రుల్లో వాడుతున్నవే. ఎండలో పనిచేసే మా మనుషుల చేతుల మీద మీ వాచీని ఎవరు సరిచూశారు?

ఇంకో మాట, ఇది ల్యాబ్ మనిషిని కాబట్టి నాకే ఎక్కువ కనపడుతుంది. మీ మోడళ్లు చాలావాటికి "సరైన జవాబు" అని మీరు నేర్పేది హెచ్‌బీఏ1సీ, మేం మూడు నెలల షుగర్ అంటాం. అది హిమోగ్లోబిన్‌కి అంటుకున్న షుగర్. రక్తహీనత ఉంటే, ముఖ్యంగా ఐరన్ తక్కువైతే, ఆ అంకె నిజం కంటే ఎక్కువ చూపించవచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే మా ఆడవాళ్ల విషయంలో మీరు మోడల్‌కి ఇస్తున్న జవాబుల కాగితమే సరిగా లేదు. పక్కన హిమోగ్లోబిన్ కూడా చూడకుండా ఆ మోడల్ ఎంత తెలివైనదైనా ఆ తప్పునే చక్కగా నేర్చుకుంటుంది. నేను హిమోగ్లోబిన్ 7 ఉన్న అమ్మాయికి హెచ్‌బీఏ1సీ 6.4, అంటే షుగర్ జబ్బు అంచున ఉన్నట్టు వచ్చిన రిపోర్టు చేతిలో పెట్టాను, ఆమె బయట బెంచీ మీద కూర్చుని ఏడ్చింది, పెళ్లి చూపులు ఉన్నాయట. పరగడుపు షుగర్ చూస్తే 88, మామూలే.

అధికారులకి ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటుంది. బజార్లో వెయ్యీ రెండువేలకి షుగర్ చూపిస్తామని చెప్పే వాచీలు అమ్ముతున్నారు, గుచ్చేది లేదు, రక్తం లేదు. 2024 ఫిబ్రవరిలోనే మందులకి, వైద్య పరికరాలకి అనుమతిచ్చే అమెరికా ఎఫ్‌డీఏ, చర్మాన్ని గుచ్చకుండా షుగర్ కొలుస్తామనే వాచీలు, ఉంగరాలు వేటికీ తాము అనుమతి ఇవ్వలేదని, వాటిని నమ్మి మందు డోసు మార్చుకోవద్దని హెచ్చరించింది. మా ల్యాబ్‌కి ఒక పెద్దాయన వచ్చాడు, వాచీ 110 చూపిస్తోంది కాబట్టి మాత్రలు ఒక పూటకి తగ్గించుకున్నానని సంతోషంగా చెప్పాడు. మా మెషీన్‌లో 312. నేను కంట్రోల్ మళ్లీ పెట్టి, ఆయన శాంపిల్ మళ్లీ పెట్టి చూశాను, 309. ఇట్లాంటివి అమ్మకుండా ఆపండి. నిజమైన సెన్సర్ల మీద జనానికి నమ్మకం రాకముందే ఈ బొమ్మలు దాన్ని చంపేస్తాయి.

మా జిల్లా వాళ్లకి ఇవన్నీ ఎందుకులే, అర్థం కావులే అనుకుంటే పొరపాటు. 2000లోనే చిత్తూరు జిల్లా అరగొండలో టెలిమెడిసిన్ మొదలైంది, పల్లెలో కూర్చున్న పేషెంటుని మద్రాసు డాక్టర్లు తెర మీద చూశారు. 2025లో కుప్పంలో పేషెంట్లని, ఆస్పత్రులని, డాక్టర్లని డిజిటల్‌గా కలిపే డిజిటల్ నర్వ్ సెంటర్ పెట్టారు. స్విమ్స్, రుయా పెద్దాస్పత్రులు ఉన్నాయి, ఏర్పేడు దగ్గర ఐఐటీ ఉంది, సైన్స్ పరిశోధన చేసే ఐసర్ ఉంది, ఎస్వీ యూనివర్సిటీ ఉంది. సెన్సర్ ఎట్లా పనిచేస్తుందో తెలిసినవాళ్లు, మోడల్ కట్టగలిగినవాళ్లు, షుగర్ పేషెంట్లు, ముగ్గురూ గంట దూరంలో ఉన్న చోటు ఇది. ఇక్కడ సరిచూడకపోతే ఇంకెక్కడ చూస్తారు?

అందుకే అడుగుతున్నా. మా తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో కొన్ని వందలమందిని తీసుకోండి, అందులో సగం పల్లెలవాళ్లు ఉండాలి, సగం ఆడవాళ్లు ఉండాలి, ఇన్సులిన్ వాడేవాళ్లు, మాత్రలవాళ్లు, షుగర్ ఇంకా రానివాళ్లు అందరూ ఉండాలి. ఒక్క వారం చూసి పోవద్దు. మామిడి కాలంలో చూడండి, పొద్దున లేస్తే బెంగుళూరా కాయ కోసుకుని తినని ఇల్లు ఉండదు. పెరటాసి (సెప్టెంబరు-అక్టోబరుల్లో వచ్చే తమిళ నెల) శనివారాల్లో చూడండి, ఒంటిపొద్దు ఉండి రాత్రికి పులిహోర, చక్కెరపొంగలి తింటారు, ఇన్సులిన్ మాత్రం ఎప్పటిలాగే వేసుకుంటారు. సంక్రాంతికి చూడండి. సంగటిని ముద్దల్లో రాసుకోనివ్వండి. సెన్సర్ పక్కన నరం రక్తం పెట్టి పోల్చండి, హిమోగ్లోబిన్ చూడండి, నడుం కొలవండి. సెన్సర్ జిగురు మా చెమటకి, కొబ్బరినూనెకి, శనివారం తలస్నానానికి ఎన్ని రోజులు ఆగుతుందో కూడా రాయండి, అమ్మది తొమ్మిదో రోజే ఒక అంచు లేచి ప్లాస్టర్ వేయాల్సొచ్చింది.

తర్వాత వచ్చిన తేడాని దాచకుండా బయటపెట్టండి, అదీ సగటు చెప్పి వదిలేయకండి. మీ సెన్సర్ల తేడా సగటున ఎనిమిది నుంచి పది శాతం అంటారు. 250 ఉన్నప్పుడు పాతిక అటూ ఇటూ అయితే అమ్మకి ఏమీ కాదు. 60 ఉన్నప్పుడు 80 చూపిస్తే ఎవరూ చక్కెర పెట్టరు, మనిషి పడిపోతుంది. అందుకే 70 కంటే తక్కువ ఉన్నప్పుడు ఎంత తేడా వచ్చింది, ఎన్నిసార్లు పట్టుకోలేకపోయింది, ఎన్నిసార్లు ఊరికే మోగింది, ఇది విడిగా చెప్పండి. మగవాళ్లలో ఎంత, ఆడవాళ్లలో ఎంత, పల్లెల్లో ఎంత అని విడివిడిగా చెప్పండి.

ఖర్చు సంగతి కూడా. పద్నాలుగు రోజుల సెన్సర్‌కి తమ్ముడు దాదాపు ఐదు వేలు పెట్టాడు. నెలకి రెండు కావాలి. మా ఊళ్లో కూలి పనికి పోయే మనిషి నెల సంపాదన అందులోనే పోతుంది. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) అధ్యయనం లెక్క ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది, ఇంకో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. అందరికీ ఇవ్వమని నేను అడగను, అందరికీ అవసరం కూడా లేదు, మాత్రలతో నిలకడగా ఉన్నవాళ్లకి స్ట్రిప్పు, మూడు నెలల పరీక్ష చాలు. టైప్ 1 (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారవని రకం షుగర్) పిల్లలకి, ఇన్సులిన్ మీదున్న పెద్దవాళ్లకి, కడుపుతో ఉండి షుగర్ వచ్చిన ఆడవాళ్లకి ముందు ఇవ్వండి. అమ్మ పద్నాలుగు రోజుల గీతలు చూసిన డాక్టరుగారు రాత్రి డోసు రెండు యూనిట్లు తగ్గించారు, పొద్దున డోసు మార్చారు, అప్పటి నుంచి తెల్లవారుజామున చెమటలు పట్టి లేవడం పోయింది. ఏడాదికి రెండుసార్లు అట్లా పెట్టి చూసినా ఎంతోమందికి మేలు. ఆరోగ్యంగా ఉండి కాఫీ తాగాక గీత ఎట్లా లేచిందో చూసుకుందామనుకునేవాళ్లు వాళ్ల డబ్బుతో కొనుక్కుంటారు, ప్రభుత్వం డబ్బు అక్కడికి పోకూడదు.

ఆశా అక్కల చేతిలో ఇంకో యాప్ పెట్టకండి దయచేసి. ఉన్నవాటిలో ఎక్కించడానికే వాళ్లకి పొద్దు చాలడం లేదు.

చివరగా, ఆ అంకెలు ఎవరివి? సెన్సర్ పెట్టిన రోజు ఫోన్‌లో ఇంగ్లీషులో పెద్ద ఒప్పందం వచ్చింది, వేలితో తోస్తూ పోతే అడుగుకి చేరడానికే నిమిషం పట్టింది, తమ్ముడు అమ్మని అడగకుండానే "ఒప్పుకుంటున్నా" అని నొక్కేశాడు. అమ్మ ఎప్పుడు పడుకుంది, ఎప్పుడు లేచింది, ఏ పూట తినలేదు, అన్నీ మీ దగ్గరికి పోయాయి. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మన దేశంలో 2023లోనే వచ్చింది, ఒప్పందం మనిషికి అర్థమయ్యే భాషలో ఇచ్చే వీలుండాలని, ఇచ్చిన అనుమతి వెనక్కి తీసుకోవచ్చని అందులో ఉంది. మాకు తెలుగులో ఇవ్వండి, ఒక పేజీ చాలు. ఇన్సూరెన్స్ కంపెనీలకి మా గీతలు అమ్మబోమని అందులో రాయండి.

అమ్మ నోటు పుస్తకం ఇప్పుడు నా దగ్గరే ఉంది. పద్నాలుగు రోజులు, తొంభై ఏడు జతల అంకెలు, ప్రతి దాని పక్కన ఏం తినిందో, ఏం పని చేసిందో పెన్సిల్‌తో రాసి ఉంది, కొన్ని చోట్ల సంగటి మరకలు కూడా ఉన్నాయి. ఇక్కడ ఎవరైనా సరైన అధ్యయనం మొదలుపెడితే ఇవ్వడానికి అమ్మ ఒప్పుకుంది, మళ్లీ చేతికి సెన్సర్ పెట్టించుకోవడానికి కూడా సరే అంది. ఒక్కటే అడిగింది: అంతా అయ్యాక ఏం తేలిందో వచ్చి తనకి తెలుగులో చెప్పాలట. మా ల్యాబ్ ఆరున్నరకి తెరుస్తాం. ఏ రోజైనా రండి, కంట్రోల్ ఎట్లా పెడతామో చూపిస్తాను, పుస్తకం చేతికిస్తాను.

ఇట్లు,
తిరుపతి నుంచి ఒక ల్యాబ్ టెక్నీషియన్